తొమ్మిదో టవర్ మధ్యాహ్నపు నిద్ర

ఎంగిలి చేత్తో కాకిని తోలని పిసినారుల్ని బోలెడుమందిని చూశాను. కంపెనీ డీజిల్ మిగల్చడానికి ఒళ్లు హూనం చేసుకున్న మనిషిని మాత్రం ఒక్కణ్నే చూశాను. ఆఫీసులో అందరూ ఆయన్ని పొదుపు బాబాయ్ అనేవాళ్లు. మొహం మీద అన్నా ఏమీ అనుకునేవాడు కాదు. పైగా ఎవరైనా కొత్తగా చేరితే తనే ఆ పేరు చెప్పుకునేవాడు.

నేను ఫోన్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో కూర్చుంటాను. గోడ నిండా ఒక పెద్ద తెర, దాని మీద మూడు వందల టవర్లు పచ్చ చుక్కలుగా వెలుగుతుంటాయి. ఏ చుక్కైనా ఎర్రబడితే ఎవరో ఒకరికి ఫోన్ చేసి తిట్టడం నా పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తున్నాను కాబట్టి తిట్టడంలో నాకు మంచి పేరుంది. వయసు నలభై ఏడు. పెళ్లి ముందు కుదర్లేదు, తర్వాత నేను కుదుర్చుకోలేదు. ఇంటికెళ్తే తాళం తీసుకునేదీ నేనే, వేసుకునేదీ నేనే. బాబాయ్ ఒక్కడే నన్ను ‘అమ్మాయ్’ అని పిలిచేవాడు. ఎన్ని చెప్పండి, ఆ పిలుపు వినపడితే నా గొంతు కాస్త మెత్తబడేది.

కొండదారి టవర్లు పన్నెండూ ఆయన చేతికింద ఉండేవి. మూడో టవర్ పక్కన కంపెనీ కట్టించిన ఒంటిగదిలో కాపురం. కాపురం అంటే ఒక మంచం, ఒక స్టవ్వు, మేకుకి రెండు చొక్కాలు. భార్య పోయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. పొద్దున్నే డబ్బాల బండి వేసుకుని బయల్దేరి, ఏ టవర్‌కి డీజిల్ కావాలో పోసి, బ్యాటరీలు తుడిచి, జనరేటర్ మాట విని వచ్చేవాడు. మాట విని అంటే నిజంగానే. ఒక చెయ్యి దాని మీద పెట్టి చెవి వొగ్గి నిలబడి, ఇది దగ్గుతోంది, ఫిల్టర్ మార్చాలి అనేవాడు. వారం తిరక్కుండా అది ఆగేది. నేను మార్పించకపోయినందుకు మేనేజర్ నన్ను తిట్టేవాడు.

ఈ పొదుపు పిచ్చి ఆయనకి ఎలా పట్టిందో చెప్పాలి. టవర్ కింద ఒక గది ఉంటుంది, యంత్రాలన్నీ అందులో పెడతారు. ఆ గదిలో ఇరవై డిగ్రీలు దాటకూడదని ఏ మహానుభావుడు రాశాడో గానీ, రెండు ఏసీలు రాత్రీ పగలూ ఊదుతూ ఉండేవి. కరెంటు లేని కొండ మీద ఏసీ తిరగాలంటే జనరేటర్ తిరగాలి. జనరేటర్ తిరగాలంటే బాబాయ్ డీజిల్ మోయాలి. ఒకరోజు ఏసీలు రెండూ చెడిపోయాయి. మేం మనిషిని పంపేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ గది తలుపు తీసిపెట్టి, తడిగుడ్డ నెత్తిన వేసుకుని కాపలా కూర్చున్నాడు. యంత్రాలకి ఏమీ కాలేదు. ముప్పై అయిదు డిగ్రీల్లో కూడా హాయిగా పనిచేశాయి. వేడికి ఓర్వలేనివి బ్యాటరీలు మాత్రమే. దాంతో ఆయన బుర్రలో దీపం వెలిగింది. బ్యాటరీలకి విడిగా ఒక పెట్టె, దానికో చిన్న ఫ్యాను. గదికి కింద ఒక కన్నం, పైన ఒక కన్నం, కొండగాలి లోపలికి రావడానికి. కప్పు మీద తెల్ల సున్నం. ఏసీలు రెండూ కట్టేశాడు.

కట్టేసి మాకు చెప్పలేదు. డీజిల్ సగానికి పడిపోయేసరికి, దొంగతనంగా ఎవరికో అమ్ముతున్నాడని మేనేజర్ తనిఖీకి వెళ్లాడు. అమ్మితే ఎక్కువ ఖర్చు చూపిస్తాడు గానీ తక్కువ చూపిస్తాడా అని నేనంటే, నా మాట చెవినేసుకోలేదు. తిరిగొచ్చాక మిగతా టవర్లకి కూడా అలాగే చేయమని ఉత్తర్వు ఇచ్చాడు. కింద సంతకం మేనేజర్‌దే, బాబాయ్ పేరు ఎక్కడా లేదు.

జనరేటర్ గురించి బాబాయ్ ఒక మాట అనేవాడు. పని తక్కువున్నప్పుడు కూడా అది తాగేంత తాగుతుంది అమ్మాయ్, మీ పెద్దాఫీసు వాళ్లలాగా అని. అందుకని దాన్ని రోజంతా ఊరికే తిప్పకుండా, మూడు గంటలు గట్టిగా తిప్పి బ్యాటరీలు నింపి, ఆపేసేవాడు. మిగతా ఇరవై ఒక్క గంటలూ బ్యాటరీల మీదే టవర్. ఆ తర్వాత సోలార్ పలకలు వచ్చాయి. పెద్ద బ్యాటరీలు వచ్చాయి. ఒక్కో టవర్‌కి జనరేటర్ అవసరమే లేకుండా పోతోంది. జనరేటర్ లేకపోతే డీజిల్ లేదు, డీజిల్ లేకపోతే పోసే మనిషి అక్కర్లేదు, కాపలా గదీ అక్కర్లేదు. ఇది ఆయనకి తెలీదా అంటే తెలుసు. తెలిసే చేశాడు. ఎలాగూ అరవై నిండుతున్నాయిగా అన్నాడు. గది మాత్రం రిటైరయ్యే నెలాఖరుకి ఖాళీ చేసి, సామాన్లతో సహా అప్పగించాలి.

ఇక ఆయన అక్క గురించి. తొమ్మిదో టవర్ కొండదారికి చివర, లోయ ముఖాన ఉంటుంది. లోయలో రాళ్లు కొట్టే కార్ఖానా కూలీల ఇళ్లు ఒక యాభై. కార్ఖానా కొండకి అవతల ఉంది. పొద్దున వెళ్లినవాళ్లు సాయంత్రం దాకా రారు, పిల్లలకి బడి కూడా అటే. మధ్యాహ్నం పూట ఆ లోయలో కుక్క మొరిగితే ఏ కుక్కో చెప్పొచ్చు. ఆఖరి ఇల్లు టీచరమ్మది. ఆవిడే బాబాయ్ అక్క. తొమ్మిదేళ్లు పెద్ద. ముప్పై ఏళ్లు బడి నడిపింది. ఆలస్యంగా తెచ్చిన హోంవర్కు దిద్దని మనిషి, తమ్ముడి హోంవర్కు కూడా దిద్దలేదట. ఇప్పుడు చెవులు పోయాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, నాకు ఫోనెందుకురా అనేదట. ఆయన పట్టుబట్టి కొనిచ్చాడు.

ఫోను మోగితే ఆవిడకి వినపడదు. అందుకని అక్కాతమ్ముళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆవిడ కుర్చీలో కూర్చుని ఫోను ఒళ్లో పెట్టుకుంటుంది. అది వణికితే ఎత్తి, స్పీకర్ పెట్టి కుడిచెవికి ఆనించుకుంటుంది. రెండున్నర దాటితే తీసి అల్మారాలో పెట్టేస్తుంది. తర్వాత భూకంపం వచ్చినా ఆవిడకి తెలియదు. తను ఎవరికీ చేయదు. ఎవరెత్తారో, ఏమన్నారో తెలియకుండా గాల్లో మాట్లాడ్డం నాకిష్టం లేదు అనేదట.

ఇటు బాబాయ్ ఆ సమయానికి ఏ టవర్ దగ్గరుంటే అక్కణ్నుంచి చేసేవాడు. దానికీ ఒక పద్ధతి ఉంది. టవర్ చూడ్డానికి వెళ్లిన ప్రతివాడూ, కంపెనీ ఇచ్చిన టెస్ట్ ఫోన్ నుంచి మూడు నిమిషాలు మాట్లాడి, లైను తెగుతోందా లేదా చూడాలి. దానికోసం ఒక యంత్రం నంబరు ఉంది. చేస్తే ఒక ఆడగొంతు ‘మీ మాట స్పష్టంగా వినిపిస్తోంది, ధన్యవాదాలు’ అంటుంది. అందరూ దానికే చేస్తారు. బాబాయ్ మాత్రం, నేనేమీ అనకముందే వినిపిస్తోందంటుందేమిటి ఆ పిల్ల, అని దాన్ని మానేసి అక్కకి చేసేవాడు. పదకొండేళ్లుగా ఆదివారాలు తప్ప రోజూ. మాట్లాడింది మూడు నిమిషాలో, పదో. ఏం తిన్నావు, మోకాలెలా ఉంది, గాలి వీస్తోందా. అది అయ్యాక రెండుంపావుకి నాకు చేసి, డీజిల్ రీడింగు చెప్పేవాడు. ఆయన రోజులో మనుషులతో మాట్లాడే మాటలు ఆ రెండు ఫోన్లతో సరి. నావీ ఇంచుమించు అంతే, తిట్లు తీసేస్తే.

టెస్ట్ ఫోన్ల కాల్స్ మా లెక్కల్లోకి రావు. రాకూడదు కూడా. మా వాళ్ల పరీక్షలన్నీ కలిపేస్తే జనం ఎంత మాట్లాడుతున్నారో తెలీదు కదా. అందుకని ఆ నంబర్లన్నీ ఒక జాబితాలో పెట్టి, వాటి కాల్స్ చేసిన వైపూ అందుకున్న వైపూ రెండుచోట్లా లెక్కలోంచి తప్పిస్తాం. ఆ జాబితా తయారుచేసింది నేనే. బాబాయ్ నంబరు అందులో నాలుగోది.

అలా ఉండగా పెద్దాఫీసు నుంచి కొత్త పథకం వచ్చింది, టవర్లకి నిద్ర. ఎవరూ మాట్లాడని వేళల్లో టవర్‌ని నిద్రపుచ్చాలి, పక్క టవర్ సర్దుకుంటుంది. బల్బు ఊరికే వెలగకుండా ఆర్పేసినట్టే. మంచిదే, నేను కాదనను. దానికి లెక్కలు తీశాం. పన్నెండింట్లోనూ చక్కటి సున్నా తొమ్మిదో టవర్‌ది. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా, ఏడాది పొడుగునా ఒక్క కాల్ లేదు. మొదట దాన్నే పెడదాం అన్నది బాబాయే. ఈ వేళల్లో ఈ టవర్ వాడేవాళ్లెవరూ లేరని ఒక కాగితం మీద ఆయన సంతకం పెట్టాలి. ఆఫీసుకొచ్చి టీ తాగుతూ పన్నెండు కాగితాల మీదా వరసగా గీకిపారేశాడు. తొమ్మిదోది కూడా.

రోజూ ఆ వేళకి ఆ లోయకే ఫోన్ చేసే మనిషి ఎలా సంతకం పెట్టాడని మీరు అడుగుతారు. నేనూ అడిగాను, తర్వాత. కంపెనీ ఫోన్ సొంతానికి వాడుతున్నానన్న బెరుకు ఆయనకి మొదట్లో ఉండేదట. ఇది మాట్లాడ్డం కాదు, డ్యూటీ, అని తనకి తనే చెప్పుకున్నాడట. పదకొండేళ్లు చెప్పుకుంటే ఎవరైనా నమ్ముతారు. ఆ కాగితం చదివినప్పుడు వాడేవాళ్ల లెక్కలో అక్క గానీ తను గానీ ఆయనకి తట్టనే లేదు.

నిద్ర సోమవారం నుంచి మొదలు. ముందు శనివారం రెండుంపావుకి బాబాయ్ నాకు చేశాడు. రీడింగు చెప్పలేదు. ఏంటి బాబాయ్ అంటే, అక్క అడిగిందన్నాడు. నెలాఖరుకి నీ గది పోతుంది కదా, మా వెనక గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యి అందట. ఆసుపత్రి నర్సమ్మ ఒకావిడ ఆ గది అద్దెకి అడుగుతోంది, నువ్వు రాకపోతే ఆవిడకిస్తాను. శుక్రవారం లోపల రెండు గంటల ఫోన్లో చెప్పు. చెప్పకపోతే రానన్నట్టే, మళ్లీ సాగదీయకు అందట.

మరి వస్తానన్నారా అని అడిగాను.

“చూద్దాంలే అక్కా అన్నాను.”

“చూడ్డానికేముంది? ఎగిరి గంతేసి ఒప్పుకోవాల్సింది పోయి!”

“అడగ్గానే సరేనంటే అలుసైపోతాం అమ్మాయ్. సోమవారం చెప్తాను.”

అలుసట! ఈ వయసులో, ఆ ఒంటిగదిలో కూర్చుని, అక్క దగ్గర బింకం. గట్టిగానే చీవాట్లు పెట్టాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వులోనే తెలిసిపోయింది ఎంత సంతోషంగా ఉన్నాడో. మా అక్క గుమ్మం ముందు ఎండ బాగా పడుతుంది, ఓ చిన్న పలక పెడితే ఫ్యాన్ తిరుగుద్ది అని అప్పుడే లెక్కలు వేశాడు.

సోమవారం ఆయన్ని బ్యాటరీల పనికి రెండో కొసకి పంపారు. అక్కణ్నుంచి తొమ్మిదో టవర్‌కి ఒక పూట ప్రయాణం. వారమంతా అక్కడే. రెండుంపావుకి ఫోన్ వచ్చింది. అమ్మాయ్, తొమ్మిదో టవర్ బావుందా, అక్క ఫోను స్విచాఫ్ అని వస్తోంది అన్నాడు. తెర వంక చూశాను. పచ్చగా ఉంది. చెడిపోయిన టవర్ ఎర్రబడుతుంది గానీ నిద్రపోయే టవర్‌కి ఏం జబ్బు, అది పచ్చగానే ఉంటుంది. చుక్క పక్కన చీమ తలంత నెలవంక గుర్తు ఒకటి పడుతుందని వారం ముందే చెప్పారు మాకు. నేను చూసింది రంగు మాత్రమే. టవర్ బ్రహ్మాండంగా ఉంది బాబాయ్ అన్నాను.

మంగళవారం మళ్లీ అదే. ఈసారి ఆయన గొంతు వేరుగా ఉంది. సాయంత్రం చేస్తే రింగవుతోంది, ఆవిడకి వినపడదు, అది ఎప్పుడూ ఉన్నదే. సరిగ్గా రెండింటికే ఆగిపోతోందేం అన్నాడు. నాకు అప్పటికి మరో మూడు టవర్లు ఎర్రబడి ఉన్నాయి, చిరాకులో ఉన్నాను. అప్పుడు నోటికొచ్చిన మాట నేను ఈనాటికీ మర్చిపోలేదు.

“టవర్ బావుంది అని చెప్తున్నానా? మీరు చూద్దాం గీద్దాం అన్నారుగా, అలిగి ఆ టైముకే ఆపేసుకుంటున్నారేమో ఆవిడ.”

అంతే అయ్యుంటుందిలే అన్నాడు. ఇరవై ఏళ్లు టవర్ల మధ్య బతికిన మనిషి, స్విచాఫ్ అన్న మాటకి నూటపది అర్థాలున్నాయని తెలిసిన మనిషి, నా మాట నమ్మాడు. ఎందుకు నమ్మడు? పదకొండేళ్లుగా టవర్ సంగతి నేను చెప్తే అదే ఖాయం. బుధవారం, గురువారం ఊరికే బ్యాటరీ రీడింగు చెప్పి పెట్టేశాడు. అక్క మాట ఎత్తలేదు. శుక్రవారం మాత్రం, ఇవాళ కూడా అంతే అమ్మాయ్ అన్నాడు. అడక్కుండానే చెప్పాడు. పోనీ ఒకసారి వెళ్లి రండి అన్నాను. రావద్దని చెప్పడానికి ఇన్ని రోజులు తలుపేసుకున్న మనిషి ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను అన్నాడు.

శనివారం మేనేజర్‌కి మొదటి వారం ఫలితాలు చూపించాలి. నేను గీతలు వేస్తున్నాను. తొమ్మిదో టవర్ అన్నిటికన్నా ఎక్కువ మిగిల్చింది. ఒంటిగంట నుంచి నాలుగు దాకా గీత నేలకి అంటుకుపోయి ఉంది, టవర్ నిద్ర. ఒంటిగంట నుంచి నాలుగు దాకా. ఆ అంకెల వంకే చూస్తూ ఉండిపోయాను. మధ్యలో రెండు ఉంది కదా.

పక్క టవర్ సిగ్నల్ ఆ లోయలోకి దిగదు. జాబితా తెరిచి, నాలుగో నంబరు తీసేసి, తొమ్మిదో టవర్ లెక్క మళ్లీ వేశాను. సున్నాలన్నీ పోయాయి. రోజుకొకటి. రెండు గంటలకి ఒకటి, రెండు గంటలకి ఒకటి, ఆదివారాలు వదిలేసి పదకొండేళ్లు వెనక్కి. పోయిన శనివారంతో ఆఖరు. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. మేనేజర్ వచ్చి ఏమైంది అంటే, మీ పథకం అద్భుతంగా ఉంది సార్ అన్నాను.

బాబాయ్‌కి చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. జాబితా నాదని, పచ్చరంగు చూసి మాట జారింది నేనని, అంతా. బస్సు చప్పుడు వినిపిస్తోంది. నేను తిట్లు తినడానికి సిద్ధపడ్డాను. సంతకం నాదే కదమ్మా అన్నాడు.

ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి వెళ్లాం. నన్ను రమ్మని ఆయన అనలేదు, వద్దనీ అనలేదు. టీచరమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పొడుగ్గా, ఎండిన మనిషి, జుట్టు బిగించి దువ్వుకుని. వెనక గది కిటికీకి కొత్త తెర కనిపించింది. తలుపు దగ్గర ఆడవాళ్ల చెప్పులు, లోపల ఒక ఇనప పెట్టె. నర్సమ్మ శనివారం పొద్దున్నే దిగిపోయింది. మేం బయల్దేరడానికి ఒక్కరోజు ముందు.

ఆయన కింద మెట్టు మీద కూర్చుని అరిచి అరిచి చెప్పాడు. ఆవిడకి సగమే అర్థమైంది. నేను కాగితం మీద రాసిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది, రెండుసార్లు చదివింది.

“ఐదు రోజులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నానురా. ఒక్కసారీ వణకలేదు. పాడైందేమోనని శుక్రవారం నాలుగు దాకా కూర్చున్నాను.”

“టవర్ నిద్రపోయిందక్కా.”

“అది నిద్రపోయింది సరే. నిద్రపుచ్చిందెవరు?”

ఆయన తన గుండె మీద వేలు పెట్టి చూపించుకున్నాడు. ఆవిడ కాగితం నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో దాచుకుంది. నర్సమ్మకి ఏడాదికి మాటిచ్చానురా, మాటిచ్చి వెళ్లమనలేను అంది. తర్వాత సంగతి, అని ఆయన అడగబోతే, చూద్దాంలే అంది. ఆయన మాట ఆయనకే అప్పజెప్పింది. కోపంతో కాదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి ఆవిడకి.

వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆవిడ శుక్రవారం నాలుగు దాకా కూర్చుందంట అని రెండుసార్లు అన్నాడు. నాకే చెప్తున్నాడో, తనకి చెప్పుకుంటున్నాడో తెలీలేదు.

నెలాఖరుకి మూడో టవర్ గది అప్పగించాడు. వీడ్కోలు సభలో దండ వేశారు. కొత్త జనరేటర్లు కొనే అవసరం లేకుండా చేశాడని మేనేజర్ పొగిడాడు, మొదటిసారి పేరు పెట్టి. టౌన్లో టైర్ల కొట్టు మీద ఒక గది తీసుకున్నాడు. ఒకసారి వెళ్లాను. మంచం, స్టవ్వు, మేకుకి రెండు చొక్కాలు. కిందంతా రబ్బరు వాసన. గదిలో లైటు వెయ్యకుండా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎవరి డీజిల్ ఆదా చేస్తున్నారు అంటే నవ్వాడు గానీ లేచి లైటు వెయ్యలేదు.

నేను చేయగలిగింది ఒకటే చేశాను. తొమ్మిదో టవర్ నిద్రకి రెండు నుంచి మూడు దాకా మినహాయింపు రాశాను. కారణం అన్న చోట ‘ఒక వినియోగదారు’ అని పెట్టాను. మేనేజర్ ఒక్కరి కోసమా అన్నాడు. ఆ ఒక్కరూ మీ అక్కగారైతే అన్నాను. సంతకం పెట్టాడు. బాబాయ్ దగ్గర ఇప్పుడు టెస్ట్ ఫోన్ లేదు, సొంత ఫోన్ నుంచి చేస్తాడు. అది లెక్కలోకి వస్తుంది. రోజూ రెండింటికి తెర మీద తొమ్మిదో టవర్ పక్కన ‘1’ అని పడేది. అది పడితే నేను భోజనం డబ్బా తెరిచేదాన్ని. రెండుంపావుకి నా ఫోన్ మోగేది. రీడింగు లేదు ఇప్పుడు, అయినా చేసేవాడు. అక్క మోకాలు నొప్పి అంది, ఇవాళ గాలి బావుందట, ఉంటాను అమ్మాయ్. అంతే.

ఏడాది గడిచింది. నర్సమ్మకి బదిలీ అయింది. వెనక గది ఖాళీ అయింది. ఆ సంగతి అక్కే చెప్పిందట ఫోన్లో, కిటికీ తెర తీసేసి ఉతికానురా అని. అంతకుమించి ఒక్క మాట అనలేదట. ఈయన కూడా అడగలేదు. ఒకసారి అడిగింది, మళ్లీ అడగడానికి ఆవిడకి మాత్రం మనసెలా వస్తుంది, ఇప్పుడు అడగాల్సింది నేనేగా అంటాడు. మరి అడిగారా అంటే, రేపు రెండింటికి అడుగుతాను అంటాడు. అడగందే అమ్మైనా పెట్టదు బాబాయ్, అక్క పెడుతుందా అని నేను రోజూ సాధించేదాన్ని. ఆ రేపు నాలుగు నెలలు నడిచింది. అక్కడొక ఖాళీ గది, ఇక్కడొక చీకటి గది, మధ్యలో రోజుకి పది నిమిషాలు. కొండని పిండి చేసే మొండితనం ఇద్దరిదీ.

పోయిన నెల ఒక బుధవారం రెండయింది. తొమ్మిదో టవర్ పక్కన సున్నా. రెండూ ఐదు, సున్నా. రెండూ పది, సున్నా. రెండుంపావు అయింది, నా ఫోన్ మోగలేదు. డబ్బా మూత తియ్యనే లేదు. అరవై దాటిన మనిషి, మెట్ల గది, ఒక్కడే ఉంటాడు. నా బుర్రలో రాకూడనివన్నీ వచ్చాయి. ఆయన నంబరు కొట్టాను. చాలాసేపు మోగాక ఎత్తాడు.

“అమ్మాయ్, మెల్లగా మాట్లాడు. అక్క పడుకుంది.”

“ఆవిడకి ఎలాగూ వినపడదు కదా బాబాయ్!”

“అవును కదూ,” అని ఆయన మామూలు గొంతుతో మాట్లాడ్డం మొదలుపెట్టాడు.

అప్పుడు చూశాను. ఆయన ఫోను తొమ్మిదో టవర్ మీదే ఉంది. అడిగారా, ఆవిడే అడిగారా అన్నాను. ఎవరూ అడగలేదట. పొద్దున బస్సెక్కి, సంచి తెచ్చి, వెనక గదిలో పెట్టి గుమ్మంలో నిలబడ్డాడట. ఆవిడ సంచి వంకా ఆయన వంకా చూసి, “ఆలస్యంగా తెచ్చావు. సరే, పెట్టు” అందట.

ఉంటాను బాబాయ్ అని పెట్టేశాను.

ఆ తర్వాత నెలరోజులూ రెండుంపావుకి నాకూ ఫోన్ లేదు, తొమ్మిదో టవర్ మధ్యాహ్నం చక్కటి సున్నా. మొన్న లెక్కల యంత్రం దానంతట అదే ఒక సూచన పంపింది, మినహాయింపు తీసేయొచ్చు, రెండు నుంచి మూడు కూడా నిద్రపుచ్చొచ్చు అని. వాడేవాళ్లెవరూ లేరని ఎవరో సంతకం పెట్టాలి. కొండదారికి ఇప్పుడు మనిషి లేడు కాబట్టి కాగితం నా బల్ల మీదికొచ్చింది. ఈసారి నేను బస్సెక్కి వెళ్లి కళ్లారా చూసొచ్చాను. గుమ్మంలో రెండు కుర్చీలు. ఆయన ఏదో అరుస్తున్నాడు, ఆవిడ ఏదో వేరే దానికి జవాబిస్తోంది. ఫోను అల్మారాలో ఉంది. వెనక్కొచ్చి సంతకం పెట్టాను.

ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆ చుక్క పక్కన ఇప్పుడు నెలవంక ఉంటుంది. ఆ వేళకి నేను చేసినా వాళ్లకి కలవదు, వాళ్లు చేసినా నాకు రాదు. రెండింటికి డబ్బా తెరుస్తాను. రెండుంపావు అయ్యేసరికి చెయ్యి దానంతట అది ఫోన్ వైపు వెళ్తుంది. నిన్న ఊరికే ఆ యంత్రం నంబరు కొట్టి చూశాను. నా మాట స్పష్టంగా వినిపిస్తోందట.